ఐదు చెంబుల ఉగ్గు

అంగన్‌వాడీ టీచరుగా ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి ఇంటికి వచ్చినదాన్ని. రిటైరైన రోజు శాలువా కప్పి, దండ వేసి, "టీచరమ్మ చేతి మీదుగా ఎంతమంది పిల్లలు పెరిగారో" అని నలుగురూ నాలుగు మంచి మాటలు చెప్పారు. నేనూ తల వంచుకొని విన్నాను. మంచి మాటలు ఎవరికి చేదు? కానీ అవి వింటున్నంతసేపూ నా కళ్ల ముందు ఒక్క పిల్లే మెదిలింది. పెరగాల్సింది పోయి నా వల్ల తరిగిన పిల్ల. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు కొందరు నాకు ఫోన్ చేసి సలహాలు అడుగుతుంటారు. సలహాలు ఇవ్వడం నాకెంత ఇష్టమో మా ఆయన్ను అడిగినా చెబుతాడు. ఈసారి మాత్రం సలహా ఇవ్వను. నేను చేసిన తప్పు చెబుతాను, మీకు దానితోనే ఎక్కువ పని పడుతుంది.

మాది బెల్లంపల్లి. బాపు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. పెళ్లయ్యాక కరీంనగర్ వైపు ఒక నేత పనివాళ్ల ఊరికి వచ్చాను. నా సెంటరు ఉన్న వాడంతా మరమగ్గాలే. అక్కడివాళ్లు వాటిని సాంచాలంటారు. పొద్దున మొదలైందంటే ఆ చప్పుడుకు అంతుండదు. కొత్తలో నాకు తలనొప్పి వచ్చేది. తర్వాత తెలిసింది, అక్కడ పసిపిల్లలు ఆ చప్పుడులోనే హాయిగా నిద్రపోతారని, కరెంటు పోయి చప్పుడు ఆగితేనే ఉలిక్కిపడి లేస్తారని. మగవాళ్లు సాంచాల మీద ఉండేవారు. ఆడవాళ్లు బీడీలకో, ఈ మధ్య వచ్చిన బట్టలు కుట్టే షెడ్లకో వెళ్లేవారు. పిల్లలు ముసలివాళ్ల ఒళ్లో పెరిగేవారు.

సెంటర్లో నాకు తోడు ఒక ఆయమ్మ. నాకన్నా ఆరేళ్లు పెద్దది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు చెప్పింది విని వచ్చి, సోమవారం నాకు వినిపించేది. అది నాకోసమే చెప్పారన్నట్టు వినిపించేది. నోట్లో మాట దాచుకునే మనిషి కాదు. మా ఇద్దరికీ రోజుకొక తగాదా, రెండు చాయ్‌లు.

నెలకొకసారి, ఆరు నెలలు నిండిన పిల్లలకు సెంటర్లో అన్నప్రాసన చేసేవాళ్లం. తల్లుల ముందు ఉగ్గు వండి చూపించేవాళ్లం. బియ్యం రెండు పాళ్లు, పెసరపప్పు ఒక పాలు, గుప్పెడు పల్లీలు. విడివిడిగా దోరగా వేయించి, మెత్తగా దంచి, జల్లెడ పట్టాలి. ఆ పొడిని ముందు చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత సన్నమంట మీద కలుపుతూ ఉడికించాలి. దించేముందు ఒక చెంచా నెయ్యి. ఆ పొడికి కావలసిన సరుకు నెలనెలా ఇంటికి కూడా ఇచ్చేవాళ్లం. ఈ పాఠం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. వచ్చనే ధీమానే నా కొంప ముంచింది.

ఆ నెల మా సూపర్‌వైజర్ మేడం వస్తానని కబురు పంపింది. అప్పటికి ప్రతిదానికీ ఫోన్లో ఫొటో తీసి పంపే కాలం వచ్చింది. తల్లులందరూ వరసగా కూర్చోవాలి, ప్రతి చేతిలో గిన్నె ఉండాలి, గిన్నె నిండుగా కనబడాలి. నేను ఏడెనిమిది మందికి సరిపడా పొడి చేసుకున్నాను. మేడం వస్తోందని వాడంతా తిరిగి చాటింపు వేసింది కూడా నేనే. ఇరవైమందికి పైగా వచ్చి కూర్చున్నారు.

నాలుగు పిడికిళ్ల పొడి గిన్నెలో వేశాను. ఆయమ్మ రెండు చెంబుల నీళ్లు పోసి ఆగింది. అంతే పోయాలి. నేను గిన్నెల వరస చూశాను, మేడం చేతిలో ఫోను చూశాను, ఇంకొకటి పొయ్యమని కళ్లతో సైగ చేశాను. పోసింది. మళ్లీ సైగ చేశాను. నా చెవి దగ్గరికి వంగి, "టీచర్, గిది పోరగాళ్లు తినేదా, ఈదేదా?" అంది.

"ముందుగాల గిన్నెలు నిండనియ్యి" అన్నాను పళ్ల సందున.

మొత్తం ఐదు చెంబులు. గిన్నెలన్నీ నిండాయి. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. మేడం దాన్ని గ్రూపులో పెడితే చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మా ఆయనకు ఆ ఫొటో రెండుసార్లు చూపించాను.

ఆ ఫొటోలో ముందు వరసలో ఒక ముసలామె ఉంది. ఒళ్లో మనవరాలు. బుగ్గన నల్లచుక్క, తొడల మీద మడతలు, చూస్తేనే ఎత్తుకోబుద్ధయ్యే పిల్ల. తల్లి కుట్టు షెడ్డులో పనికి కుదిరింది, పొద్దున వెళితే చీకటి పడే వేళకు వచ్చేది. తండ్రి సాంచాల మీద. పిల్లను చూసేది ఈ నాయనమ్మే. ఆమె చిన్నప్పటినుంచి మగ్గాలకు కండెలు చుట్టిన మనిషి, వేళ్లన్నీ దారం కోసిన గీతలే. నేను పాఠం చెబుతుంటే మిగతావాళ్లు ముచ్చట్లు పెట్టుకున్నారు, కొందరు ఫోన్లు చూసుకున్నారు. ఆమె మాత్రం కన్నార్పకుండా నా చేతులే చూసింది. ఇలాంటివాళ్లు పదిమంది ఉంటే చాలు కదా అని మురిసిపోయాను.

ఆ నెల పిల్ల బరువు ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు. చార్టులో పచ్చరంగులో, దిట్టంగా ఉంది. మరుసటి నెల అంతే ఉంది. పళ్లు వస్తున్నాయేమో, జలుబేమో అనుకున్నాను. ఆ పై నెల తూకం సంచిలో కూర్చోబెడితే ముల్లు ఆరు కిలోల రెండు వందల దగ్గర ఆగింది. తీసి మళ్లీ కూర్చోబెట్టాను. అక్కడే ఆగింది. తొడల మీద మడతలు పోయాయి. పిల్ల ఏడవడం లేదు, నవ్వడమూ లేదు. చార్టులో చుక్క పసుపు రంగులో పడింది. ఇంకో నెల ఇలాగే జారితే జిల్లా ఆసుపత్రికి రాయాలి. తల్లి పిల్లతోపాటు అక్కడే రెండు వారాలు ఉండాలి. షెడ్డులో కొత్తగా కుదిరిన పని అన్నాళ్లు ఆమె కోసం ఎవరు అట్టే ఉంచుతారు?

భయం వేస్తే నాకు కోపం వస్తుంది. అది నా పుట్టుబుద్ధి. పదిమంది ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. వాళ్లందరి ముందు ఆ ముసలామెను పట్టుకొని అడిగాను.

"పొడి ఏమైతుంది అవ్వా? పిల్లకు పెడుతున్నవా, ఇంటిల్లిపాది కలుపుకొని తాగుతున్నరా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. సంచిలోంచి పిల్లను తీసుకొని, కొంగు కప్పి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వెళ్లిపోయింది. ఆ చెప్పులు ఆయమ్మ పరుగెత్తుకెళ్లి ఇచ్చి వచ్చింది. వచ్చి ఆ రోజు చాయ్ ఒక్కటే పెట్టుకుంది, తనకు.

వారం తిరక్కుండా పిల్ల తల్లి సెంటరుకు వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. షెడ్డుకు వెళ్లే దారిలో ఆగింది, చేతిలో టిఫిన్ డబ్బా.

"టీచర్, మా అత్తమ్మ పిల్లకు తినిపిస్తలేదు. చెంచానే పడ్తలేదు. ‘నా చెయ్యి మంచిది గాదు, నేను పెడితే ఒంటికి పడ్తలేదు’ అంటది. నేను పొద్దుగాల ఇంత పెట్టి పోతున్న. మల్ల వచ్చేదాంక పిల్లకు నీళ్లే. ఏం జెయ్యమంటవ్? పని ఇడిసిపెట్టాల్నా?"

ఆ అమ్మాయి అత్తను తిట్టడానికి రాలేదు. "మస్తు ఏడుస్తుంది టీచర్, ఎవ్వలకు కనవడకుండ" అని చెప్పడానికి వచ్చింది.

మధ్యాహ్నం సెంటరు ఆయమ్మకు అప్పజెప్పి వాళ్ల ఇంటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు, గోడ అవతల సాంచాల షెడ్డు. ముసలామె గడప మీద పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకొని కూర్చుంది. నన్ను చూసి లేచి చాప వేసింది, ముఖం మాత్రం పక్కకు తిప్పుకుంది.

"అవ్వా, ఉగ్గు ఎట్ల చేస్తున్నవో ఒక్కసారి చేసి చూపియ్యి" అన్నాను.

"మల్ల ఏం జూస్తవ్ టీచరమ్మా? చూసినవ్ గద."

"జర చూపియ్యి."

ఆమె లేచి డబ్బా దించింది. మూత తీసి నా ముందు పెట్టింది. పొడి ఎంత మెత్తగా ఉందంటే అంత బాగా నేనెప్పుడూ చేయలేదు. అర పిడికెడు తీసి గిన్నెలో వేసింది. చిన్న గ్లాసు తీసుకుంది. ఒకటి, రెండు, మూడు. చల్లని నీళ్లలో కలిపింది, ఉండ అన్నది లేదు. సన్నమంట పెట్టింది, కలుపుతూనే ఉంది. నెయ్యి వేసింది. అంతా నేను చెప్పినట్టే. దించి చెంచాతో తీసింది. చెంచా వంచకముందే అది జారి గిన్నెలో పడింది. చాయ్ కూడా అంతకన్నా చిక్కగా ఉంటుంది.

"గిన్ని నీళ్లెందుకు పోసినవ్ అవ్వా?"

ఆమె మొదటిసారి నా వైపు తిరిగింది.

"నువ్వు పోసినన్నే. ఆ దినం నాలుగు పిడికిళ్ల పొడి ఏసినవ్. ఆయమ్మ రెండు చెంబులు పోసింది. నువ్వు కండ్లతోని చెప్తే మల్ల మూడు పోసింది. మొత్తం అయిదు. నాలుగు పిడికిళ్లకు అయిదు చెంబులైతే, అర పిడికెడుకు ఎన్ని గ్లాసులో ఇంటికొచ్చి కొలుసుకున్న. పోగులు లెక్కవెట్టిన దాన్ని, గీ లెక్క తప్పుతనా? పొద్దుగాల ఒకసారి, పగటీలి ఒకసారి, మాపటీలి ఒకసారి. ఒక్కనాడు తప్పలే. పిల్ల నిండ తాగేది. కడుపు గిట్ల ఉబ్బేది. కడుపు నిండినంక తల్లి కాడ పాలు గూడ సరిగ తాగకపోయేది. మంచిగ తింటుందనుకున్న."

ఆమె చెబుతూనే ఉంది. నేను చాప మీద కూర్చుండిపోయాను. నేను వేసింది కొలత కాదు, గిన్నెలు నింపడానికి చేసిన గారడీ. ఈ అవ్వ దాన్ని కొలతగా తీసుకుంది, ఎందుకంటే నేర్పించడానికే నేను అక్కడ నిలబడ్డానని ఆమె నమ్మింది. సిగ్గుతో ఏడ్చాను. ఉద్యోగంలో ఒకరి ఇంట్లో కూర్చొని ఏడవడం అదే మొదలు.

"తప్పు నాది అవ్వా. నీ చేతిల ఏం తప్పు లేదు. నీళ్లు నేను ఎక్కువ పోయించిన" అన్నాను.

ఆమె పిల్ల తల నిమిరింది.

"ఆ మాట పదిమంది ముంగట అన్నవ్ గద టీచరమ్మా. వాడల అందరు నన్ను చూసి పొడి బుక్కిన ముసల్దంటున్నరు. గీ మాట గూడ పదిమంది ముంగటనే అను. అప్పుడు మల్ల చెంచ పట్టుకుంట."

న్యాయమే. కానీ మరుసటి అన్నప్రాసనకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అప్పటిదాకా పిల్ల సంగతి? "నేనొచ్చి తినిపిస్త" అన్నాను. తల్లిని పని మానవద్దని చెప్పాను.

ఆ తొమ్మిది రోజులూ పొద్దున, మధ్యాహ్నం వెళ్లాను. సరైన చిక్కదనంతో ఉగ్గు చేసి తినిపించడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది నాకు తినిపించడం రాదని. నీళ్లలాంటిది తాగడం అలవాటైన పిల్ల, చిక్కటి ముద్ద నాలుకకు తగలగానే బయటికి నెట్టేసేది. నా చీర మీద, నా కళ్లద్దాల మీద, ఒకసారి సరాసరి నా నోట్లోకే ఊసింది. ఒక్కో చెంచాకు ఒక్కో పాట. నాలుగు చెంచాలు లోపలికి వెళ్లడానికి అరగంట. అన్నేళ్లు "రోజుకు మూడుసార్లు తినిపించండి" అని గడగడా చెప్పేదాన్ని, ఆ మూడుసార్లకు ఎంత పొద్దు పోతుందో అప్పుడే తెలిసింది. ముసలామె గడప మీద కూర్చొని చూసేది. మూడోరోజున ఉండబట్టలేక, "గట్ల నడుమ పెట్టకు, జర పక్కకు, దవడకు పెట్టు" అంది. అలా పెట్టాను. మింగింది. ముసలామె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

సూపర్‌వైజర్ మేడంకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. చెడ్డ మనిషి కాదు, నా బాగు కోరే మనిషే. "ఇంటికి పోయి చెప్పినవ్ గద, అయిపాయె. అందరి ముందట తప్పు ఒప్పుకుంటే రేపటినుంచి నీ మాట ఎవరింటరు?" అంది. ఆ ప్రశ్న నన్నూ రెండు రోజులు పట్టుకుంది. ఆయమ్మను అడిగాను. "ఇనకపోతే మంచిదే. ఇన్నందుకే గద గిట్లయింది" అంది. ఆ మాట చెప్పడానికి ఆమెకు పాస్టరుగారి అవసరం రాలేదు.

అన్నప్రాసన రోజు వచ్చింది. ఈసారి నేను చాటింపు వేయలేదు, అయినా బాగానే వచ్చారు. ముసలామె ముందు వరసలో కాదు, తలుపు దగ్గర పిల్లను ఎత్తుకొని నిలబడింది. తల్లి కూడా ఒక పూట సెలవు పెట్టి వచ్చింది. పాఠం మొదలుపెట్టకుండానే చెప్పేశాను.

"రెండు నెలల కింద నేను మీ ముంగట ఉగ్గు చేసిన. గా ఉగ్గు తప్పు. ఫొటోల గిన్నెలు నిండాలని నీళ్లు ఎక్కువ పోయించిన. గీ అవ్వ నేను చేసినట్టే చేసింది, పిల్ల తూకం తగ్గింది. పొడి ఎవరు తింటున్నరని ఆమెను మీ అందరి ముంగట అడిగిన. ఆమె తినలే. తప్పు నాది."

వెనకనుంచి ఆయమ్మ లేచి నా పక్కన వచ్చి నిలబడింది. "సైగ టీచర్‌ది, చెంబు నాది" అంది. అంతవరకూ నాతో ఆమె అన్న మంచి మాటల్లో అంత మంచిది లేదు.

నాకు ఇంకో భయం ఉంది. "ఇంక ఎవరెవరు గట్ల పలుచగ చేస్తున్నరు? దాచకుండ చెప్పుండ్రి" అన్నాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక చిన్న తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, "ఎవ్వలం చెయ్యలే టీచర్" అంది. "ఇంటికి పోయినంక మా అవ్వ చెప్పినట్టు అన్నం, పప్పు మెత్తగ పిసికి పెట్టినం. నువ్వు చెప్పింది ఊకె ఇన్నం." అందరూ ఫక్కున నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపల కుంగిపోయాను. ఆ వాడలో నా మాట పెడచెవిన పెట్టిన ప్రతి ఇంట్లో పిల్లలు బాగున్నారు. నా మాటను పోగు పోగూ లెక్కపెట్టి విన్న ఇల్లు ఒక్కటే నష్టపోయింది.

ముసలామె తలుపు దగ్గరినుంచి ముందుకు వచ్చింది. పిల్లను కోడలికిచ్చి, పొయ్యి ముందు కూర్చుంది. ఆ రోజు ఉగ్గు ఆమే చేసింది. నాలుగు పిడికిళ్లు, రెండు చెంబులు. దించి చెంచాతో తీసి, చెంచాను అందరికీ కనబడేలా పక్కకు వంచింది. ముద్ద చెంచాను పట్టుకొని ఆగింది. ఆయమ్మ ఇచ్చిన గిన్నెల్లో ఏడు మాత్రమే నిండాయి, మిగతావి ఖాళీగా ఉన్నాయి. ఆ నెల ఫొటోకు చప్పట్లు రాలేదు.

తర్వాత ముసలామె పిల్లను ఒళ్లోకి తీసుకొని, కొంచెం చల్లార్చి, చెంచా దవడకు పెట్టింది. నా ముఖాన అన్నిసార్లు ఊసిన పిల్ల ఆమె చెంచాకు నోరు తెరిచింది. ఒకటి తిని, రెండోదానికోసం తనే ముందుకు వంగింది. కోడలు అత్త భుజం మీద చెయ్యి వేసి ఏడ్చింది. అంతమందిలో ముసలామె మాత్రం ఏడవలేదు, ఆమెకు చేతినిండా పని ఉంది.

మరుసటి తూకంలో ముల్లు ఆరు కిలోల ఏడు వందల దగ్గర ఆగింది. నేను మళ్లీ తీసి కూర్చోబెట్టలేదు, ఆయమ్మే పెట్టింది, నమ్మకం కుదరక. చుక్క పచ్చరంగులోకి వచ్చింది. తొడల మీద మడతలు ఇంకా రాలేదు, కాని పిల్ల తూకం సంచిని పట్టుకొని పీకుతూ గట్టిగా అరిచింది. ఆ అరుపు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

పిల్లను దించుకొని ముసలామె వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. అందరూ పోయేదాకా ఒక మూల నిలబడింది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచరమ్మా, ఇగ గుడ్డు పెట్టచ్చా? ఎంత పెట్టాలె, ఎట్ల పెట్టాలె? నువ్వెట్ల చెప్తే గట్లనే పెడత."

ఆ మాట విని నాకు ఏడుపు, భయం రెండూ ఒక్కసారే వచ్చాయి. చెప్పడానికి నోరు తెరిచాను, నాకు కంఠతా వచ్చిన పాఠమే. మూసుకున్నాను.

"నోటితోని చెప్ప అవ్వా. రేపు మీ ఇంటికొచ్చి, మీ గిన్నెల చేసి చూపిస్త" అన్నాను.

మర్నాడు వెళ్లాను. ఒక్క గుడ్డు, ఒక్క చెంచా, ఒక్క పిల్ల. ఆమె పక్కనే కూర్చొని నా చేతులే చూస్తోంది, కన్నార్పకుండా.